నిమ్మచెక్క, వంటసోడా, మిట్టమధ్యాహ్నపు ఎండ: పెళ్ళికి ఇరవై రోజుల ముందు వచ్చిన కేసు

పెళ్ళిళ్ళ సీజన్ మొదలైతే చర్మవ్యాధుల ఓపీకి ఇలాంటి కేసులు వరసపెట్టి వస్తాయి. ఒకే తరహావాటిని కలిపి, మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి, ఒక్క కేసుగా రాస్తున్నాం.

వచ్చినప్పటి పరిస్థితి

26 ఏళ్ల యువతి. చామనఛాయ. ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో చూసి ఆరు రకాలుగా విడదీసే ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు ప్రకారం 4, 5 రకాలకు మధ్యన ఉండే చర్మం. అంటే ఎండకు కందడం తక్కువ, నల్లబడటం ఎక్కువ. మన దగ్గర చాలామందిది ఇదే. ఇలాంటి చర్మానికి చిన్న దెబ్బ తగిలినా, మొటిమ వచ్చినా, మంట పుట్టినా ఆ చోట నల్లమచ్చ మిగులుతుంది. ఈ కేసుకంతటికీ మూలం అక్కడే ఉంది.

పెళ్ళికి ఇంకా ఇరవై రోజులుంది. వెంట తల్లి, మేనత్త వచ్చారు. పది రోజుల కిందట, ఆదివారం పొద్దున ముఖానికి ప్యాక్ వేసుకున్నాక మంట, ఎరుపు మొదలయ్యాయి. మంగళవారానికి మెడ మీద నాలుగైదు చిన్న నీటి పొక్కులు లేచాయి. పొక్కులు ఎండాక నలుపు దిగింది. రోజురోజుకూ అది ముదురుతోందన్నది వాళ్ల భయం.

పరీక్షలో కనిపించింది ఇది. రెండు బుగ్గలు, గడ్డం, పైపెదవి మీద పలచటి ఎరుపు, సన్నటి పొట్టు, మధ్యమధ్య గోధుమరంగు మచ్చలు. కళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా శుభ్రంగా ఉంది, ప్యాక్ వేసేటప్పుడు వదిలేసిన చోటు కాబట్టి. అసలు సంగతి మెడ దగ్గర దొరికింది. దవడ అంచు నుంచి కంటె ఎముక దాకా మూడు ముదురు చారలు. పైన వెడల్పుగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, చివర చిన్న చుక్కతో ఆగాయి. చర్మరోగాలు మామూలుగా అలా జారిన గీతల్లా రావు. ఏదో ద్రవం జారిన దారి అది. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యన చర్మం మీద కూడా అదే రంగు మరక ఉంది. నిమ్మకాయ పిండిన చెయ్యి.

సంచిలో ఏమున్నాయి

ఇలాంటి కేసుల్లో నోటిమాట హిస్టరీ ఎప్పుడూ సగమే చెబుతుంది. "ఏం రాశారమ్మా?" అంటే "ఏముందండీ, శనగపిండి, పసుపే" అంటారు. అబద్ధం కాదు. మిగతావి లెక్కలోకి వస్తాయని వాళ్లకు తోచదు, అంతే. అందుకే నెల రోజుల్లో ముఖానికి తగిలినవన్నీ ఒక సంచిలో వేసి తెమ్మని చెబుతాం. ఈ అమ్మాయి సంచిలోంచి బయటపడ్డవి: శనగపిండి డబ్బా, పసుపు, వంటసోడా పొట్లం, ఇంట్లో పట్టించిన సున్నిపిండి సీసా, మందులషాపులో అడిగి తెచ్చుకున్న ఒక స్టెరాయిడ్ ట్యూబు.

ప్యాక్ కొలతలు ఫోన్లో చూసిన వీడియోలోంచి తీసుకున్నవే. రెండు టేబుల్‌స్పూన్ల శనగపిండి, ఒక టీస్పూన్ వంటసోడా, ఒక నిమ్మకాయ రసం, అర టీస్పూన్ పసుపు. నురగ వచ్చాక ముఖానికి పట్టించి ఇరవై నిమిషాలు ఆరనివ్వాలి. పిండేసిన నిమ్మచెక్కను పంచదారలో అద్ది, దాంతో రుద్దుతూ తీసేయాలి. వారంలో మూడుసార్లు.

మొదటి రెండుసార్లు రాత్రిపూట వేసుకుంది. చురుక్కుమంది తప్ప ఇంకేమీ కాలేదు. మూడోసారి ఆదివారం పదకొండు గంటలకు వేసుకుని, కడుక్కుని, పన్నెండున్నరకు స్కూటీ మీద చీరల షాపింగుకు వెళ్లింది. చున్నీ మెడకు లేదు. నీళ్లు చల్లి కడుక్కోవడం ముఖం వరకే జరిగింది కాబట్టి మెడ మీదికి జారిన రసం అలాగే ఉండిపోయింది.

ఏది ఏం చేసింది

ఇక్కడ రెండు వేరువేరు గాయాలున్నాయి. రెంటినీ ఒకటే అనుకుంటే చికిత్స తప్పుతుంది.

మొదటిది ముఖం మీద ఉన్న ఇరిటెంట్ కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే ఘాటైన పదార్థం తగిలి చర్మం రేగడం. ఆరోగ్యమైన చర్మం పైపొర కొద్దిగా ఆమ్లంగా, పీహెచ్ 4.5 నుంచి 5.5 దాకా ఉంటుంది (పీహెచ్ 7 కన్నా తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం). చర్మకణాలను అతికించి ఉంచే కొవ్వుపొర సరిగ్గా తయారు కావాలంటే ఆ ఆమ్లత కావాలి. వంటసోడా నీళ్ల పీహెచ్ 8.3 దగ్గర. "నిమ్మరసం ఆమ్లం, సోడా క్షారం, రెండూ కలిస్తే సరిపోతుంది కదా" అని ఆ వీడియోలోనే చెప్పారట. సరిపోదు, లెక్కేసి చూడండి. మన చిన్న నిమ్మకాయలో రసం 15 మిల్లీలీటర్ల లోపు. అందులో సిట్రిక్ ఆమ్లం సుమారు ఒక గ్రాము. ఆ గ్రాము ఖర్చు చేయగల సోడా 1.3 గ్రాములు. టీస్పూన్‌కు పట్టే సోడా 5 గ్రాముల దాకా. నురగ ఆగిపోయాక కూడా మూడున్నర గ్రాముల సోడా ఆ ముద్దలో అలాగే మిగిలి ఉంది. అంటే ఇరవై నిమిషాల పాటు ముఖం మీద ఉన్నది క్షారం.

మామూలు ఒంటిసబ్బు పీహెచ్ 9, 10 ఉంటుంది కదా, దానికేమీ కాదేమని అడగొచ్చు. సబ్బు ముఖం మీద అర నిమిషం ఉంటుంది, నీళ్లతో పోతుంది. సోడా ముద్ద ఆరేకొద్దీ చిక్కబడుతూ ఇరవై నిమిషాలు కూర్చుంటుంది. ఆ తర్వాత అసలు దెబ్బ: నానిన పైపొర మీద పీహెచ్ 2 నుంచి 2.5 ఉండే నిమ్మచెక్క, పంచదార పలుకులతో సహా. అరగంటలో 8 నుంచి 2 దాకా దించి, పైన గరుకు కాగితం పెట్టినట్టు. బుగ్గల మీద పొట్టు ఎందుకు లేచిందో వేరే చెప్పక్కర్లేదు.

రెండో గాయం మెడ మీద, చేతి మీద ఉంది. దాని పేరు ఫైటోఫోటోడెర్మటైటిస్, అంటే మొక్కల రసానికి ఎండ తోడై చర్మం కాలడం. నిమ్మజాతి కాయల్లో ఫ్యూరోకౌమరిన్లనే పదార్థాలుంటాయి. సోరాలెన్, బెర్గాప్టెన్ ఆ కుటుంబమే. వాటంతటవి చర్మాన్ని ఏమీ చేయవు. ఎండలోని యూవీఏ అనే అతినీలలోహిత కిరణం తగిలినప్పుడే రెచ్చిపోయి కణాలను కాలుస్తాయి. రసంలో కన్నా తొక్కలో ఇవి చాలా ఎక్కువ. పైగా మన తోటల్లో కాసే చిన్న ఆకుపచ్చ నిమ్మలో, విదేశీ వీడియోల్లో కనిపించే పెద్ద పసుపుపచ్చ లెమన్‌లో కన్నా ఎక్కువ. వాళ్ల కొలతను మన కాయకు వాడితే మోతాదే మారిపోతుంది.

ఈ కాలినదానికి ఒక లక్షణముంది. అప్పటికప్పుడు ఏమీ కనిపించదు. ఎరుపు ఒక రోజు తర్వాత మొదలై రెండుమూడు రోజులకు ముదురుతుంది. పొక్కులూ అప్పుడే. వారం, రెండు వారాలకు నలుపు దిగుతుంది, నెలల పాటు ఉంటుంది. ముఖం మంట ఆదివారమే మొదలవడం, మెడ పొక్కులు మంగళవారం లేవడం ఈ లెక్కకు సరిగ్గా సరిపోయాయి. రాత్రి వేసుకున్నప్పుడు ఏమీ కాకపోవడానికి కారణమూ ఇదే: ఎండ లేదు.

సున్నిపిండి మీద వచ్చిన అనుమానం

సున్నిపిండిలో ఏమేం వేశారో మేనత్త చెప్పింది. పెసలు, శనగలు, బియ్యం, కచ్చూరాలు, వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు, కస్తూరి పసుపు, బావంచాలు. కిలో పిండికి బావంచాలు 50 గ్రాములు.

బావంచాల పేరు వినగానే ఆగాలి. వాటిలో సోరాలెన్ ఉంటుంది. బొల్లి మచ్చలకు రంగు రప్పించడానికి ఆయుర్వేదంలో వాటిని వాడేది అందుకే. సోరాలెన్ ఇచ్చి యూవీఏ కాంతి చూపించే పూవా చికిత్సకూ సూత్రం అదే. అలాంటి గింజను పెళ్ళికూతురి నలుగులో వేసి, నువ్వులనూనెతో పట్టించి, అరగంట ఆగి, ఆ తర్వాత పందిట్లో కూర్చోబెడితే ఏమవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే.

అయినా ఈ కేసులో సున్నిపిండి దోషి కాదనే తేల్చాం. అదే పిండిని అదే వారంలో చేతులకు, కాళ్లకు కూడా రాశారు. స్కూటీ మీద వెళ్లినప్పుడు మోచేతుల దాకా చేతులకూ ఎండ తగిలింది. అక్కడ చర్మం మామూలుగా ఉంది. గాయం సరిగ్గా నిమ్మరసం తగిలినచోటే ఉంది. అలాగని బావంచాలతో ప్రమాదం లేదని కాదు. చర్మం ఇప్పటికే కాలి ఉంది కాబట్టి బావంచాలు లేకుండా పిండి కొట్టించమన్నాం.

మిగతా అవకాశాలనూ చూశాం. మెలాస్మా (మంగు మచ్చలు) ఇంత త్వరగా రాదు, పొట్టు లేవదు. అలర్జిక్ డెర్మటైటిస్ అయితే మంట కన్నా దురద ముందుంటుంది, ప్యాక్ వేయని చోటికి కూడా పాకుతుంది. ఇక్కడ కంటి చుట్టూ గీత గీసినట్టు ఆగింది. స్టెరాయిడ్ ట్యూబు ఉంది కాబట్టి, దాని చాటున తామర దాగిందేమోనని పొట్టు గీకి ఫంగస్‌ను పట్టే కేఓహెచ్ పరీక్ష చేయించాం. ఫంగస్ లేదు. ఆ ట్యూబు నాలుగు రోజులే వాడింది కాబట్టి ఆపేస్తే సరిపోయింది. నెలల తరబడి వాడినవాళ్లది వేరే పెద్ద కథ. చర్మానికి రాసే స్టెరాయిడ్లను 2018లో షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చారు, చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు.

చేసిన వైద్యం

మొదటి ఆరు రోజులు చేసింది చాలా తక్కువ. ఇంట్లోవాళ్లకు నచ్చనిదీ అదే.

ప్యాకులు, సబ్బు, రోజ్‌వాటర్, స్టెరాయిడ్ ట్యూబు అన్నీ బంద్. పొద్దున ఉత్త నీళ్లు, రాత్రి ఒక్కసారి సబ్బు లేని క్లెన్సర్. పలచటి నూలుగుడ్డ చల్లటి నీళ్లలో ముంచి, పిండి, పది నిమిషాలు ముఖం మీద వేయడం, రోజుకు మూడుసార్లు. గుడ్డ తీసిన వెంటనే, తడి ఆరకముందే, పెట్రోలియం జెల్లీ శనగగింజంత తీసుకుని పలచగా. ముఖానికి, మెడకు 1 శాతం హైడ్రోకార్టిజోన్ క్రీము రోజుకు రెండుసార్లు, లెక్కగా ఐదు రోజులే. వాపు, ఎరుపు ఎన్ని రోజులుంటే అంత నలుపు మిగులుతుంది కాబట్టి ముందు మంట చల్లారాలి. మచ్చ సంగతి తర్వాత. మిగిలిన పొక్కు గిల్లవద్దని, బయటికి వెళ్తే గొడుగు, మెడ చుట్టూ చున్నీ తప్పనిసరని చెప్పాం.

ఆ సమయంలో సన్‌స్క్రీన్ రాయించలేదు. పొట్టు లేచిన చర్మం మీద అది కూడా మండుతుంది. ఆరో రోజుకు మంట పోయింది. అప్పుడు జింక్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉన్న లేతరంగు సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 50. ఐరన్ ఆక్సైడ్ ఎందుకంటే మన రంగు చర్మాన్ని మామూలు వెలుతురు కూడా నల్లబరుస్తుంది, తెల్లటి సన్‌స్క్రీన్లు చాలావరకు దాన్ని ఆపవు. మోతాదు రెండు వేళ్ల పొడవునా గీత, ముఖానికి, మెడకు కలిపి. చాలామంది బఠాణీగింజంత రాసి పని చేయలేదంటారు.

"పెళ్ళిలోపు ఏదైనా పీల్ చేసేయండి డాక్టరుగారూ" అని తల్లి అడిగింది. చేయలేదు. పీల్ అంటే మందు రాసి చర్మం పైపొరను ఊడదీయడం. కాలిన చర్మం మీద అదైనా, లేజరైనా, ఇంకో మంట, దాని వెనక ఇంకో మచ్చ. నల్లమచ్చలు తగ్గించే హైడ్రోక్వినోన్ క్రీము కూడా ఇవ్వలేదు. పెళ్ళికి మేకప్‌తో కప్పుకోవచ్చు, ఫొటోలో పడదు. మేకప్ సామాను మాత్రం వారం ముందే చెవి వెనక రాసి చూసుకోమన్నాం. నలుగు చేతులకు, పాదాలకే. ముఖానికి శాస్త్రానికి వేలికొనతో పసుపు బొట్టు చాలు. మేనత్త మొదట ఒప్పుకోలేదు, బావంచాలు లేని పిండి తనే కొట్టిస్తానన్నాక సర్దుకుంది.

మూడో వారానికి పొట్టు పూర్తిగా పోయింది, నలుపు మాత్రం అప్పుడే బాగా తేలింది. ఇది ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే "మీ మందుకే పెరిగింది" అని మళ్లీ నిమ్మకాయ దగ్గరికే వెళ్తారు. పెళ్ళి అయ్యాక నలుపు తగ్గించే అజెలాయిక్ ఆమ్లం 10 శాతం జెల్ రోజు విడిచి రోజు రాత్రి మొదలుపెట్టి, రెండు వారాలు పడ్డాక రోజూ, ఆపై 20 శాతానికి. మూడో నెలకు బుగ్గల మచ్చలు చాలావరకు పోయాయి. మెడ చారలు ఆరో నెలకు, వెతికితే కనిపించేంతకు తగ్గాయి.

ఇంట్లో ఏవి వాడొచ్చు

తల్లి అడిగిన ఇంకో ప్రశ్న: "ఇక వంటింట్లోవి ఏవీ ముట్టుకోకూడదా?" ముట్టుకోవచ్చు, కొన్నిటిని.

అన్నిటికన్నా నమ్మదగింది ఓట్స్. మెత్తగా పొడి కొట్టిన ఓట్స్‌ను చర్మరక్షక పదార్థంగా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో గుర్తించింది. మిక్సీలో పొడి చేసి, ఒక చెంచా గ్లాసు నీళ్లలో వేసి కలపండి. నీళ్లు పాలలా తెల్లబడి, పిండి వెంటనే అడుక్కి చేరకపోతే మెత్తదనం సరిపోయినట్టు. అడుక్కి చేరితే ఇంకోసారి తిప్పాలి. రెండు టేబుల్‌స్పూన్ల పొడి గోరువెచ్చటి నీళ్లలో జావలా కలిపి, పది నిమిషాలు ఉంచి, రుద్దకుండా కడగాలి. పొడిబారి దురదపెట్టే చర్మానికి ఇది నిజంగా పనిచేస్తుంది.

శనగపిండి జిడ్డు తీయడానికి మంచిదే. పలచటి గుడ్డలో జల్లించి, టేబుల్‌స్పూన్ పిండికి రెండు టేబుల్‌స్పూన్ల తాజా పెరుగు. పులిసిన పెరుగు వద్దు, ఆమ్లం పెరుగుతుంది. ఐదు నిమిషాలు, తడి ఆరకముందే కడిగేయాలి. ఆరి బిగుసుకున్నాక గీకి తీయడమే అందరూ చేసే తప్పు, పైపొర దాంతోపాటే లేస్తుంది. కలబంద మట్టను మొదట్లో కోసి పావుగంట నిటారుగా నిలబెట్టండి. కారే పసుపు జిగురు చర్మాన్ని మండిస్తుంది. అది పోయాక కడిగి, లోపలి గాజులాంటి గుజ్జే తీసుకోవాలి. కొబ్బరినూనె మోచేతులకు, కాళ్లకు బాగుంటుంది. మొటిమలు వచ్చే ముఖానికి, చుండ్రు ఉన్న నుదురుకు వద్దు. పసుపు చిటికెడు దాటనివ్వకండి. రంగు ముదురుగా ఉన్న పొడిని గ్లాసు నీళ్లలో చెంచా వేసి వదిలేయండి. అడుక్కి దిగి పైన నీళ్లు లేత పసుపుగా మిగిలితే సరే, నీళ్లంతా ముదురు పసుపుగానే ఉండిపోతే రంగు కలిపినట్టు అనుమానించాలి.

ముఖం దగ్గరికి రానివ్వకూడనివి: నిమ్మ, వంటసోడా, వెల్లుల్లి, దాల్చినచెక్క, లవంగం, వెనిగర్, టూత్‌పేస్టు, పంచదార, ఉప్పు, పొడి చేసిన మాత్రలు. వెల్లుల్లి ముద్ద కట్టి కాలిన గాయాలతో వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. తడి తగిలిన ప్యాక్ ఏదైనా అప్పటికప్పుడే. ఫ్రిజ్‌లో దాచి మర్నాడు వాడొద్దు.

కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర, రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడాలి. ముఖం మీద ఎంతసేపు ఉంచాలనుకుంటున్నారో అక్కడా అంతసేపే. ఎరుపు, దురద వస్తే ఆపేయండి. ఈ పరీక్షకు ఒక పెద్ద లోపముంది. మోచేతి మడతకు ఎండ తగలదు కాబట్టి నిమ్మరసం ఇందులో హాయిగా పాసైపోతుంది. ఈ అమ్మాయి రాత్రి వేసుకున్న రెండు ప్యాకులూ అలాగే పాసయ్యాయి.

నిమ్మకాయలు పిండే పని ముఖం ప్యాక్‌కే పరిమితం కాదు. పులిహోరకు, షర్బత్‌కు వందల కాయలు పిండినవాళ్లు ఎండలోకి వెళ్లేముందు చేతులు, మణికట్లు సబ్బుతో కడుక్కోవాలి. మబ్బు పట్టిందనో, కారు అద్దం వేసుందనో వదిలేయకండి, యూవీఏ రెంటినీ దాటి వస్తుంది. మేనత్త కుడి అరచేతి అంచున ఉన్న మరక మసిగుడ్డ పట్టుకుంటే అంటిందని ఆమె అనుకుంటోంది. చూస్తే అదీ నిమ్మదే. దానికి మందు అక్కర్లేదు, ఎండ తగలకుండా ఉంటే దానంతటదే పోతుందని చెప్పి పంపాం.